తొలి ఉద్యోగానికి ముందు మూడు నెలలు: నెల్లూరులో ఒక బీకాం పట్టభద్రురాలి కేస్ స్టడీ

నెల్లూరులో చదువు ముగించుకున్న యువతీయువకులకు ఉద్యోగాల విషయంలో దారి చూపే ఒక చిన్న కేంద్రంలో నేను పని చేస్తున్నాను. మా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది బీకాం, బీఎస్సీ, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి, ఏడాదో రెండేళ్లో ఇంట్లోనే ఉండిపోయినవారు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు అన్న మాట వారందరూ చెప్పేదే. ఈ ముడి ఎక్కడ విడుతుందో, ఎక్కడ విడవదో ఒక్క కేసును ఆధారం చేసుకుని వివరంగా చూపాలన్నది ఈ రచన ఉద్దేశం. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, పని చేసిన చోట్ల వివరాలు తీసివేసి, ఇక్కడ 'అభ్యర్థిని' అని మాత్రమే పిలుస్తున్నాను.

నేపథ్యం

అభ్యర్థినిది కోవూరు మండలంలోని ఒక గ్రామం. తండ్రి కౌలు రైతు, తల్లి ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంది, తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఆమె 2023లో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ప్రథమ శ్రేణిలో పూర్తి చేసి, తరువాత ఒక కోచింగ్ సెంటర్‌లో ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంది. మా దగ్గరికి వచ్చింది 2024 దసరా సెలవులు ముగిశాక. అప్పటికి ఆమె ట్రంకు రోడ్డులోని ఒక షోరూం, పొగతోటలోని ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు, ఒక ఫైనాన్స్ కంపెనీ శాఖ, రెండు రైసు మిల్లుల కార్యాలయాలు తిరిగి వచ్చింది. అన్ని చోట్లా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఇంతకు ముందు ఎక్కడ చేశావు? ఎక్కడా చేయలేదనగానే, కబురు చేస్తామని చెప్పి పంపించారు. జాబ్ మేళాల్లో వచ్చినవి చెన్నైలో టెలికాలర్ పని, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో హాస్టల్ వసతితో ఆపరేటర్ పని. ఇంట్లో పంపలేదు. 2024 అక్టోబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని కూడా ఆమె చూసింది. 21 నుంచి 24 ఏళ్ల లోపు వారికి పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు పని నేర్చుకునే అవకాశం, నెలకు 5,000 రూపాయల సాయం అందులో ఉన్నా, ఆమెకు కనిపించిన అవకాశాలన్నీ ఇంటికి దూరంగా ఉండటంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఇంటి పరిస్థితిని అడ్డంకి అని రాసి ఊరుకోవడం మా వృత్తిలో మామూలు. నాకు అది సరిగా అనిపించదు. పెన్న దాటి నెల్లూరు వచ్చి సాయంత్రం ఏడు లోపు ఇల్లు చేరగలిగిన పని అయితే ఆమె తల్లిదండ్రులకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. కాబట్టి మేము వెతకవలసిన పరిధి ఎంతో మొదటి రోజే తేలిపోయింది.

కాగితం మీది అనుభవం

నిజానికి ఆమె దగ్గర అనుభవ పత్రాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో డిగ్రీలో చేరినవారి నుంచి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన ఐదో సెమిస్టరులో గాని ఆరో సెమిస్టరులో గాని సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ లెక్కన ఆమె చేతిలో మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. సామాజిక సేవా ప్రాజెక్టు మాత్రం నిజంగా చేసింది. తమ ఊరిలోనే ఇల్లిల్లూ తిరిగి, పొదుపు సంఘాల అప్పుల గురించి వివరాలు రాసుకుంది. మిగిలిన రెండింటిలో ఒకటి తరగతి మొత్తానికీ కలిపి డబ్బు కట్టి తెప్పించుకున్నది. మరొకటి ఫోనులో వీడియోలు చూసి, చివర ప్రశ్నలకు జవాబులు గుర్తుపెడితే వచ్చింది. "అందరం అట్నే చేశాం సార్" అని ఆమె దాచకుండా చెప్పింది.

నేను ఒక మాదిరి ఇంటర్వ్యూ పెట్టి, ఆ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని, అక్కడ ఏం చేశావని అడిగాను. అకౌంటింగ్ నేర్చుకున్నాను అంది. రోజూ ఎవరి దగ్గర కూర్చునేదానివి, వారు మొదట ఏం పని ఇచ్చారు అని అడిగేసరికి ఆగిపోయింది. రెండో ప్రశ్నకు నిలవని సర్టిఫికెట్ లేకపోవడమే నయమని నా అభిప్రాయం. ఎందుకంటే యజమానికి అప్పటి నుంచి మిగిలిన కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేయడం మంచి ఆలోచనే. అయితే కామర్స్ విద్యార్థులందరినీ ఒకే నెలల్లో కూర్చోబెట్టుకునేటన్ని కార్యాలయాలు ఈ జిల్లాలో లేవు. ఆ లోటును సర్టిఫికెట్లు అమ్మేవారు పూడ్చారు.

మేము చేసిన అంచనా

ఆమెకు ఏమి వచ్చో, ఏమి రాదో తెలుసుకోవడానికి ఒక దుకాణం పాత బిల్లుల కట్ట ఇచ్చి, విడదీసి పెట్టమన్నాము. డెబిట్, క్రెడిట్ సూత్రాలు ఆమెకు కంఠతా వచ్చు. జర్నల్ ఎంట్రీ అడిగితే తడుముకోకుండా రాస్తుంది. కానీ ఆ కట్టలో ఏది కొనుగోలు బిల్లు, ఏది సరుకుతో పాటు వచ్చిన డెలివరీ చలానా, ఏది కొటేషన్ అన్నది పోల్చుకోలేకపోయింది. ఒకే సరుకుకు చలానానూ బిల్లునూ రెండింటినీ కొనుగోళ్లలో వేసింది. పరిచయం లేనివారికి ఫోను చేయమంటే వెనకాడింది. ఆమె ట్యాలీ నేర్చుకున్నది పుస్తకంలోని లెక్కలతోనే. చిరిగిన బిల్లు, సంతకం లేని బిల్లు, తేదీ చెరిగిపోయిన బిల్లు ఎలా ఉంటాయో ఆమె ఎన్నడూ చూడలేదు.

అయితే మాటల్లో ఇంకొక సంగతి బయటపడింది. తండ్రి కౌలు లెక్కల పుస్తకం పదో తరగతి నుంచీ ఆమే రాస్తోంది. ఎరువుల దుకాణంలో అప్పు, కోత మిషను గంటల అద్దె, కాటా చీటీ ప్రకారం మిల్లుకు వెళ్లిన ధాన్యం, అందులో కౌలు కింద ఇచ్చినది, మిగిలిన బాకీ అన్నీ అందులో ఉన్నాయి. మరుసటి రోజు ఆ పుస్తకం తెమ్మన్నాను. ధాన్యం లెక్క పుట్లలో, డబ్బు లెక్క పక్కన, కొట్టివేతలు ఎర్ర సిరాతో, చాలా శుభ్రంగా ఉంది. ఇది అనుభవమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె బయోడేటాలో దాని ఊసే లేదు. దాని బదులు కష్టపడే తత్వం, బృందంతో కలిసి పని చేసే నేర్పు వంటి మాటలు నాలుగు వరుసలు ఉన్నాయి. అవి ఏ సైబర్ కేఫ్‌లో టైపు చేయించినా వచ్చేవే.

చోటు వెతకడం

స్టోన్‌హౌస్‌పేట వ్యాపారులకు లెక్కలు, రిటర్నులు చూసే ఒక పన్ను సలహాదారు మాకు తెలుసు. ఊళ్లో అందరూ ఆయనను ఆడిటర్ గారనే పిలుస్తారు. ఆయనతో కలిపి ఆ కార్యాలయంలో ముగ్గురే. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి, 4 నుంచి 29 మంది ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. ముగ్గురున్న కార్యాలయం ఆ చట్టం పరిధిలోకే రాదు. మన జిల్లా కేంద్రాల్లో కామర్స్ చదివినవారికి పని నేర్పగలిగిన చోట్లు చాలావరకు ఇలాంటివే కావడం గమనించాలి. ప్రభుత్వ పథకాల వాటా గాని, పోర్టల్‌లో ఒప్పందం గాని వీటికి అందవు. అందుకే మేము ఒక పేజీ ఉత్తరం మీద నడిపిస్తాము.

ఆడిటర్ గారు మొదట ఒప్పుకోలేదు. నేర్పినంత కాలం తన సీనియర్ ఉద్యోగిని సమయం పోతుందని, నేర్చుకున్నాక పిల్ల వెళ్లిపోతుందని, పైగా ఖాతాదారుల పాస్‌వర్డులు బయటివారి చేతిలో పెట్టలేనని అన్నారు. మూడు అభ్యంతరాలూ న్యాయమైనవే. మూడో దానికి, రిటర్ను దాఖలు చేసే మెట్టు ఆమె చేతికి ఇవ్వనక్కర లేదని, ఎంట్రీ, సరిపోల్చడం వరకే చాలునని రాసుకున్నాము. మొదటి రెండింటికి మేము చెప్పగలిగింది ఒక్కటే. రెండో నెల నుంచి ఆమె చేసే ఎంట్రీ పని ఆయనకు మిగులుతుంది. మూడు నెలల తరువాత ఆమెను ఉంచుకోవలసిన బాధ్యత ఆయనకు లేదు.

డబ్బు విషయంలో మాత్రం మేము పట్టుబట్టాము. నెలకు 4,000 రూపాయలు, చార్జీలతో కలిపి. ఇది జీతం కాదని అందరికీ తెలుసు. కానీ ఉచితంగా వచ్చిన మనిషికి పని ఇవ్వాలన్న తొందర ఎవరికీ ఉండదు. టీ తెప్పించడానికీ జిరాక్సులు తీయించడానికీ వాడుకుంటారు. కొద్దో గొప్పో చేతి నుంచి వెళుతుంటే, నెల తిరిగేసరికి ఈ పిల్ల చేత ఏం చేయిస్తున్నామని యజమాని తనకు తానే లెక్క చూసుకుంటాడు. ఉత్తరంలో ఇంకా రెండు షరతులు పెట్టాము. ఫలానా వారి పక్కన కూర్చుని నేర్చుకుంటుందని ఒక మనిషి పేరు రాయాలి. ఆమె పని గురించి తరువాత ఎవరైనా ఫోను చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ చివరి షరతు విని ఆయన నవ్వి, "అది మాత్రం ఖచ్చితంగా చెబుతాను, బాగా చేయకపోయినా చెబుతాను" అన్నారు. సరేనన్నాము.

ఆ మూడు నెలలు

2024 నవంబరులో ఆమె చేరింది. ఆత్మకూరు బస్టాండులో దిగి అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్లేది. మొదటి రెండు వారాలు ఫైళ్లు సర్దడం, బిల్లులు నెలవారీగా కుట్టడం తప్ప మరొక పని ఇవ్వలేదు. నేను వెళ్లి అడిగితే, సీనియర్ ఉద్యోగిని చెప్పిన కారణం సబబుగానే ఉంది: "ముందు కాగితాలు చూసి చూసి కళ్లకు అలవాటు కావాలి సార్, లేకపోతే కంప్యూటర్లో ఏం కొడుతుందో దానికే తెలీదు." ఆమె చెప్పినట్టే, మూడో వారంలో ఎంట్రీ మొదలుపెట్టేటప్పటికి చలానానూ బిల్లునూ కలిపే పొరపాటు అభ్యర్థిని మళ్లీ చేయలేదు.

జీఎస్టీ పని తేదీల మీద నడుస్తుంది. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారి అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11లోగా, పన్ను చెల్లించే జీఎస్టీఆర్-3బిని 20లోగా వేయాలి. మధ్యలో 14వ తేదీన జీఎస్టీఆర్-2బి అనే పట్టిక వస్తుంది. సరుకు అమ్మినవారు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులే అందులో ఉంటాయి. 2022 జనవరి నుంచి ఆ పట్టికలో కనిపించని బిల్లుకు పన్ను క్రెడిట్ తీసుకోవడానికి, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టవలసిన దానిలో తగ్గించుకోవడానికి, వీల్లేదు. కాబట్టి 14 నుంచి 20 వరకు ఆ కార్యాలయంలో అసలు పని, దుకాణం బిల్లులను పట్టికతో ఒక్కొక్కటిగా సరిపోల్చడం, లేనివాటికి అమ్మినవారికి ఫోను చేయడం. ఫోనులో మాట్లాడటానికి భయపడిన పిల్ల, డిసెంబరు 20 లోపు తెలియని వ్యాపారులకు ఫోను చేసి, బిల్లు నంబరు చెప్పి, ఎందుకు ఎక్కించలేదో అడగవలసి వచ్చింది. వ్యక్తిత్వ వికాసం తరగతులు ఎన్ని పెట్టినా మేము ఇవ్వలేనిది ఆ వారంలో ఆమెకు అబ్బింది.

ఆమె సొంతంగా పట్టుకున్న మొదటి తప్పు డిసెంబరులోనే జరిగింది. బోరు మోటార్లు, కేబుళ్లు అమ్మే ఒక దుకాణం బిల్లులు ఎంట్రీ చేస్తుండగా, చెన్నై నుంచి వచ్చిన కేబుల్ బిల్లు ఒకటి ఆమె చేతికి వచ్చింది. పదిహేను అక్షరాంకెల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మనకు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33. అమ్మినవారి నంబరు 33తో మొదలవుతోంది, సరుకు నెల్లూరుకు వచ్చింది. అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ ఒకటే పడాలి. బిల్లులో మాత్రం ఒకే రాష్ట్రంలో అమ్మినట్టు సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు ముక్కలుగా ఉంది. మొత్తం పన్ను ఒకటే కాబట్టి దుకాణదారు పట్టించుకోలేదు. కానీ తమిళనాడు వాటాగా కట్టిన పన్ను ఇక్కడి వ్యాపారికి క్రెడిట్‌గా రాదు. ఆమె బిల్లు పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి సీనియర్ ఉద్యోగినికి చూపింది. దుకాణదారుకు కబురు వెళ్లింది, చెన్నై వారు బిల్లు సరిచేసి పంపారు. ఆ తరువాత ఆడిటర్ గారు ఆమెకు ఇచ్చే ఫైళ్లు మారాయని సీనియర్ ఉద్యోగిని నాకు చెప్పింది.

జనవరిలో ఆమెకు ఇద్దరు బియ్యం వ్యాపారుల లెక్కలు అప్పగించారు. అక్కడ ఆమె ఒక పొరపాటు చేసింది. ఒకే రకం బియ్యానికి కొన్ని బిల్లుల్లో పన్ను ఉంది, కొన్నిట్లో లేదు. లేనివి మరచిపోయినవనుకుని ఆమె పన్ను కలిపి వేసింది. అసలు సంగతి, 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ బరువు దాటితే లేదు. అందుకే ఇప్పుడు బజారులో 26 కిలోల బస్తాలు అంతగా కనిపిస్తాయి. సరుకు పేరు చూడటంతో పాటు బస్తా బరువు కూడా చూడాలని సీనియర్ ఉద్యోగిని సరిదిద్దింది. బీకాం సిలబస్‌లో జీఎస్టీ ఉంది, ఈ 26 కిలోల బస్తా లేదు.

ఇంటర్వ్యూ

నెల్లూరు జిల్లాలో ప్రధానమైన వరి కోతలు మార్చి ప్రాంతంలో ముమ్మరమవుతాయి. ధాన్యం మిల్లులకు చేరక ముందే, ఫిబ్రవరిలో, మిల్లుల కార్యాలయాలు మనుషులను చూసుకుంటాయి. ఈ అవసరాలు పత్రికలో ప్రకటనగా రావు. కోవూరు వైపు ఒక మిల్లులో లెక్కలకు మనిషి కావాలన్న మాట ఆడిటర్ గారి కార్యాలయానికి వచ్చిన బియ్యం వ్యాపారి ద్వారా ఆమె చెవిన పడింది. ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఉండగానే ఆయన ఆ మాట అన్నాడు. ఇంట్లో కూర్చుని ఉంటే ఎన్నేళ్లకైనా ఆమెకు తెలిసేది కాదు.

అంతకు ముందే మేము బయోడేటా మార్చి రాయించాము. తత్వాలు, నేర్పులు తీసేసి మూడు వాక్యాలు పెట్టాము: నెల్లూరులో పన్ను సలహాదారు కార్యాలయంలో మూడు నెలలు కొనుగోలు, అమ్మకం బిల్లుల ఎంట్రీ, 2బి సరిపోల్చడం చేశాను. బ్యాంకు స్టేట్‌మెంటుతో లెక్క కలపడం వచ్చు. పదో తరగతి నుంచి మా కౌలు సేద్యం లెక్కల పుస్తకం రాస్తున్నాను. వీటిలో దేని గురించి ఎన్ని ప్రశ్నలు అడిగినా ఆమె చెప్పగలదు. నేను చూసుకున్నది అదొక్కటే.

ఇంటర్వ్యూలో నేను లేను. ఆమె చెప్పింది, తరువాత మిల్లు యజమాని చెప్పింది కలిపి రాస్తున్నాను. సర్టిఫికెట్లు ఆయన తెరిచి చూడలేదు. "ఏమ్మా, 25 కేజీల బస్తాకీ 26 కేజీల బస్తాకీ బిల్లులో తేడా ఏంది?" అని అడిగాడు. ఆమె చెప్పి, తాను చేసిన పొరపాటు కూడా చెప్పింది. పక్కనున్న పెద్ద గుమాస్తా, రైతుకు నగదు ఎంత వరకు ఇవ్వొచ్చని అడిగాడు. ఒకరికి ఒక రోజులో పది వేలు దాటిన నగదు చెల్లింపును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరని ఆమెకు తెలుసు, అదే చెప్పింది. పండించిన రైతుకు నేరుగా ధాన్యం డబ్బు ఇచ్చేటప్పుడు ఆ నియమానికి మినహాయింపు ఉందని తెలియదు. గుమాస్తా చెబితే అక్కడే రాసుకుంది. చివరగా యజమాని, పది పుట్లంటే ఎన్ని క్వింటాళ్లని అడిగాడు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఆమె ఆలోచించకుండా ఎనభై అయిదు అంది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "మా నాయన పుస్తకం నేనే రాస్తాను సార్" అని చెప్పింది.

ఆ సాయంత్రం యజమాని ఆడిటర్ గారికి ఫోను చేశాడు. పిల్ల నిదానం, కానీ ఒకసారి చెబితే రెండోసారి చెప్పే పని లేదు, లెక్కలో అబద్ధం ఆడదు అని ఆయన చెప్పారట. వారం తిరగకుండా ఉద్యోగంలో చేరమన్నారు.

ఎవరి మాట మీద

ఈ కేసులో ఉద్యోగం తెచ్చింది ఏది? ట్యాలీ సర్టిఫికెట్ ఏడాది ముందే ఉంది. నైపుణ్యం పెరిగిన మాట నిజం, కానీ మూడు నెలల్లో నేర్చుకున్న ఎంట్రీ పనిని ఏ మిల్లు గుమాస్తా అయినా నెల రోజుల్లో నేర్పగలడు. నా అంచనాలో అసలు తేడా తెచ్చింది ఆ ఫోను. మన జిల్లాల్లో చిన్న సంస్థలు మొదటి ఉద్యోగాన్ని తెలిసినవారి మాట మీదే ఇస్తాయి. అభ్యర్థినితో కలిసి చదివిన ఒక అమ్మాయికి ఎలాంటి అనుభవం లేకుండానే ఒక ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది. ఆమె మేనమామ అక్కడ గోడౌన్ చూస్తాడు. దీన్ని సిఫారసు అని తీసిపారేయడం సులువే గాని, డబ్బు, లెక్కలు ముట్టుకునే చోట యజమాని నమ్మకం కోసం వెతకడంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు. మేనమామ లేని పిల్లలకు ఆ మాట చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడన్నదే ప్రశ్న. పక్కన కూర్చోబెట్టుకుని కొంతకాలం పని చూసినవాడే ఆ మాట చెప్పగలడు. ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌కు ఈ పని చేతకాకపోవడానికి కారణం కూడా ఇదే: అక్కడ ఆమెను చూసినవారు ఎవరూ లేరు.

చట్టం పరిధిలో, పెద్ద సంస్థలో జరిగినప్పుడు కూడా ఇదే కనిపిస్తుంది. ఒంగోలులోని మా సహోద్యోగి చూసిన ఒక ఐటీఐ ఎలక్ట్రీషియన్ కేసు చెబుతాను. ఆ అబ్బాయి గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ వైపు ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఏడాది అప్రెంటిస్‌గా చేశాడు. 2019 నియమాల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అతనికి అప్పట్లో కనీస స్టైపెండ్ 7,000, డిగ్రీ చదివిన అప్రెంటిస్‌కైతే 9,000. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పావు వంతును, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించేది, 2023 ఆగస్టు నుంచి నేరుగా అప్రెంటిస్ ఖాతాలోనే వేసేది. ఏడాది చివర పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అయినా ఆ యూనిట్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకోలేదు. చట్టంలో అలాంటి నిర్బంధం లేదు. అతనికి ఉద్యోగం వచ్చింది కృష్ణపట్నం వైపు ఒక వంటనూనెల శుద్ధి కర్మాగారంలో. అక్కడ అతని గురించి చెప్పింది, గ్రానైట్ యూనిట్‌కు కంప్రెసర్ సర్వీసుకు వచ్చిపోయే మెకానిక్. పాలిష్ యంత్రం మోటారు పదే పదే ట్రిప్ అవుతుంటే అందరూ భారం ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ పెంచి నడిపిస్తున్న చోట, ఈ కుర్రాడు ప్యానెల్ తెరిచి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పాయింట్ల మీద పేరుకున్న రాతి పొడి తుడిచి, ఒక ఫేజు వదులుగా ఉందని చూపడం అతను కళ్లారా చూశాడు. కొత్త చోట అడిగిన మొదటి ప్రశ్న కూడా దాదాపు అదే.

సందేహాలు, పరిమితులు

ఒక్క కేసు మీద పెద్ద తీర్మానాలు చేయరాదు. అభ్యర్థిని స్వతహాగా శ్రద్ధ ఉన్న మనిషి, ఇంట్లో లెక్కలు రాసిన అలవాటు ముందే ఉంది. ఇవి లేనివారికి మూడు నెలలు చాలవు. అంతకన్నా ముఖ్యం, పని అనుభవం ఉద్యోగాలను పుట్టించదు. ఆ మిల్లులో ఉన్నది ఒక్క ఖాళీ, అది మరొకరికి రాకుండా ఈమెకు వచ్చింది. జీతం కూడా గొప్పగా లేదు, ఆమె స్టైపెండ్‌కు రెండింతలు మించి కొంచెం ఎక్కువ. ఆరు నెలల తరువాత పెంచమని అడిగితే కోతలు అయ్యాక చూద్దామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

అనుభవం పేరుతో జరిగే దోపిడీ గురించి కూడా చెప్పాలి. నేర్పుతామని మూడు నెలలు చేయించుకుని, వారిని పంపించి, మళ్లీ కొత్తవారిని పిలుచుకునే కార్యాలయాలు మాకు తెలుసు. అలాంటి చోట పని చేసినవారికి పని రావచ్చు గాని, వారి గురించి మాట చెప్పడానికి ఎవరూ మిగలరు, ఎందుకంటే నేర్పే మనిషిని ఎవరికీ కేటాయించి ఉండరు. ఇప్పుడు మేము ఒక చోటుకు ఎవరినైనా పంపే ముందు, అంతకు ముందు అక్కడ నేర్చుకున్నవారు ఎవరైనా ఆ చోటే గాని, ఆ చోటి మాట మీద మరొక చోట గాని చేరారా అని అడుగుతాము. ఎవరూ లేకపోతే పంపము.

మిగిలిన చిక్కు కాలానికి సంబంధించినది. ఆడిటర్ కార్యాలయాలకు జులై నుంచి అక్టోబరు వరకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. జులై 31తో మొదలై అక్టోబరు 31 దాకా ఆదాయపు పన్ను రిటర్నులు, ఆడిట్ నివేదికల గడువులు, అవి పొడిగిస్తే మరికొంత కాలం అదే హడావిడి. ఐదో సెమిస్టరులో ఇంటర్న్‌షిప్‌కు వచ్చే విద్యార్థులు సరిగ్గా ఆ నెలల్లోనే వస్తారు. వారికి జిరాక్సు మిషను తప్ప మరొకటి దక్కదు. ఆరో సెమిస్టరులో వస్తే నేర్పేవారికి తీరిక ఉంటుంది, చివరి వారాలు మిల్లుల సీజనుతో కలుస్తాయి. ఈ సంగతి రెండు కళాశాలల కామర్స్ అధ్యాపకులతో మాట్లాడాము. ఒక కళాశాల వచ్చే బ్యాచ్‌కు బీకాం ఇంటర్న్‌షిప్‌ను ఆరో సెమిస్టరుకు పెట్టడానికి ఒప్పుకుంది, రెండో కళాశాల నుంచి జవాబు రావలసి ఉంది.